గాడిద దాచుకున్న మూడో మాట

ఎగువన అద్దకం ఫ్యాక్టరీ వదిలిన నీళ్ళకు ఆ బీడంతా చచ్చిపోయింది. మేసేవాళ్ళంతా తలో దిక్కూ పోయారు. మిగిలింది బరువయ్య అనే ముసలి గాడిద. నువ్వెందుకు పోలేదని ఎవరైనా అడిగితే, "గాడిదను కదా, ఆలోచన వచ్చేసరికి అందరూ వెళ్ళిపోయారు" అని చెబుదామనుకున్నాడు. అడిగేవాళ్ళే లేరు.

అతను ఉండే జానెడు నేల ముక్కలో మాత్రం గడ్డి ఉంది, ఒక్క గాడిదకు చాలీచాలనంత. అదీ తెలివితో వచ్చింది కాదు. రైతులు తగలబెట్టిన పత్తికట్టె ఆరిపోయిందనుకుని దాని మీద పొర్లబోయాడు. వీపు చురుక్కుమంది. గెంతులేస్తూ తన్నిన మట్టి నిప్పును కప్పేసింది. తెల్లారి చూస్తే అక్కడున్నది బూడిద కాదు, నల్లటి బొగ్గు. దూరం నడవలేక నెల్లాళ్ళు దానిమీదే పేడ వేశాడు, ఉచ్చ పోశాడు. అలా నానిన బొగ్గు మట్టిలో కలిసిన చోటల్లా వానకు గడ్డి లేచింది; బొగ్గు నానని చోట మొలిచింది పసుపెక్కి వాలిపోయింది.

ఓ రోజు గట్టు అవతల నుంచి గంతులమ్మ అనే మేక, రెండు పిల్లల్ని వెంటేసుకుని వచ్చింది.

"మావా, ఈ గడ్డి ఎలా మొలిపించావో చెప్పు. నాకు పాలు ఎండిపోతున్నాయి. పిల్లలు మట్టి నాకుతున్నారు."

ఎన్నాళ్ళకు ఒక పిలుపు! అంతా ఒక్కసారే చెప్పేస్తే ఇక ఈమె మళ్ళీ ఎందుకొస్తుంది?

"పత్తికట్టె కాల్చి నేలలో కలుపు కోడలా," అన్నాడు. అంతే.

నాలుగు రోజులకు మేక తిరిగొచ్చింది, మూతి నిండా బూడిదతో.

"ఏం చెప్పావు మావా! ఉఫ్ అంటే ఎగిరిపోయింది!"

"అయ్యో, కట్టె ఎర్రబడగానే మట్టి కప్పాలి. చెప్పడం మరిచా. గాడిద బుర్ర!"

మేక నవ్వేసింది. పిల్లలు అతని వీపెక్కి జారుడాట ఆడాయి. పొద్దువాలేదాకా కబుర్లే.

ఆ బొగ్గును పేడనీళ్ళలో నానబెట్టాలన్న మూడో మాట మాత్రం బరువయ్య మింగేశాడు. నానని బొగ్గు నేల సారాన్ని తానే తాగేస్తుందని అతనికి తెలుసు. గడ్డి పసుపెక్కుతుంది, మేక తిట్టుకుంటూ వస్తుంది. తిట్లయినా మాటలే కదా!

వారమైంది. పక్షమైంది. రాలేదు. చివరికి తానే కుంటుకుంటూ గట్టు దాటాడు.

నల్లగా బొగ్గు చల్లిన నేల. పసుపెక్కి వాలిన గడ్డి. తుమ్మ కొమ్మ మీద ఒక కాకి.

"ఎవరికోసం బరువయ్యా? గంతులమ్మ నిన్ననే పిల్లల్ని తోలుకుని కొండ దాటింది."

"నా దగ్గరకు రాలేదేం?"

"వెళ్ళి అడగవే అన్నాను. 'రెండుసార్లు నమ్మాను, ఉన్న నాలుగు పరకలూ పోయాయి. ఇంకోసారి నమ్మితే నా పిల్లలు ఉండరు' అంది. చిన్నది నడవలేక ఏడుస్తూనే పోయింది."

బరువయ్య కొండవైపు తిరిగి గొంతు చిరిగేలా అరిచాడు. "పేడనీళ్ళలో నానబెట్టాలమ్మా! నెల్లాళ్ళు! అంతే!"

"నాకెందుకయ్యా చెబుతావు, నేను గడ్డి తిననుగా," అని కాకి కూడా ఎగిరిపోయింది.

తోడు నిలుస్తుందని మాట దాచుకున్నవాడికి చివరికి ఆ మాటే మిగులుతుంది.