చుక్కి ఎక్కిన కొండ

కొండ కింద వేరుశనగ చేను, చేను గట్టున ముళ్లకంప దొడ్డి. ఆ దొడ్డిలో చుక్కి అనే మేక ఉండేది. కవల పిల్లల్ని ఈనిన దగ్గర్నుంచి దానికి ఒకటే నీరసం. నాలుగు ఆకులు కొరికేసరికి ఆయాసం వచ్చేది. రాత్రంతా పడుకున్నా తెల్లారేసరికి మళ్లీ అదే అలసట. తోటి మేకలు మూతులు తిప్పుకున్నాయి.

"మేమూ ఈనాం తల్లీ! దీని సోకులే వేరు," అన్నాయి.

ఆ మాట కాపరి కుక్కల కంటపడకుండా దొడ్డి వెనక కంచె అవతల పొంచి ఉన్న నక్క చెవిన పడింది.

"కోడలా, నీకొచ్చింది రోగం కాదు, బద్ధకం," అంది తీయగా. "పడుకున్నకొద్దీ ఒళ్లు బరువెక్కుతుంది. కోడి కూయకముందే లేచి కొండ సగందాకా పరుగెత్తి దిగు. అలసట నిన్ను చూసి పారిపోతుంది."

"నిజమేనా మామా?"

"నన్ను చూడు. నేనెప్పుడైనా కూర్చోవడం చూశావా?"

చుక్కి నమ్మింది. కంచె సందులోంచి దూరి రోజూ కొండెక్కింది. అలసట పోలేదు సరికదా, పొదుగు వట్టిపోయింది. పిల్లలు చప్పరించి చప్పరించి ఏడ్చాయి. ఓ మధ్యాహ్నం చుక్కి, చెట్టు నీడన నెమరేస్తున్న ముసలి ఎద్దు పక్కన కూలబడింది.

"రోజంతా దున్నుతావు, నీకు అలుపే రాదా అన్నా?"

"రాకేం తల్లీ! సాలు చివర రైతు నాగలి తిప్పుకుంటాడు చూడు, అక్కడ నేనో ఊపిరి తీసుకుంటాను. వయసులో ఉన్నప్పటి బలం ఇప్పుడేదీ? ఉన్నదాన్నే సాయంత్రందాకా సర్దుకుంటున్నా."

"కూర్చుంటే బద్ధకం పెరగదూ?"

"ఎవరన్నారే ఆ మాట? కాళ్లు ఆగమన్నప్పుడు ఆగు. కూలిపోయేదాకా లాగకు."

మర్నాడు తెల్లవారకముందే నక్క వచ్చింది. "కొండ అవతల లోయలో పచ్చిక మోకాలెత్తున పెరిగింది కోడలా. ఒక్కపూట మేశావంటే నీ పిల్లలకి కడుపునిండా పాలు. పద, దారి చూపిస్తా."

పిల్లల మాట వినగానే చుక్కి బయల్దేరింది. కొంత ఎక్కాక కాళ్లు వణికాయి. ఎద్దు చెప్పింది తలచుకుని ఓ బండమీద కూర్చుంది.

"లే లే! కూర్చోవడానికా వచ్చాం?"

"కాస్త ఊపిరి తీసుకోనీ మామా."

ఇంకొంచెం ఎక్కి మళ్లీ కూర్చుంది. నక్క తూర్పువైపు చూసి తోక నేలకేసి కొట్టింది. "పొద్దు పొడుస్తోంది, తొందరగా కదులు!"

చుక్కి నెమరేస్తూ ఆలోచించింది. ఇన్నాళ్లూ ఆ పరుగుల్లో ఆలోచించే ఓపికే లేకపోయింది. పొద్దు పొడిస్తే పచ్చిక ఎటు పోతుంది? ఈ తొందర ఎవరికోసం? కిందికి చూస్తే దొడ్డి కనబడుతోంది, దొడ్డి ముందు కుక్కలు. ఇక్కడ అరిస్తే వాటికి వినబడుతుంది. కొండ దాటితే వినబడదు.

నక్క ఎత్తు చుక్కికి అర్థమైంది. ఇప్పుడే అరిస్తే కుక్కలు వచ్చేలోగా నక్క పళ్లు తన గొంతు మీద ఉంటాయి. పరుగెడదామన్నా, నక్క చేయించిన రోజువారీ పరుగులతో కాళ్లలో సత్తువే లేకుండా పోయింది. అయినా మొహం మామూలుగానే పెట్టుకుంది.

"వస్తా మామా, అంతమంచి పచ్చిక వదులుకుంటానా? ఈ నెమరు కానీ."

"ఇంకా ఎంతసేపు?"

"నువ్వూ కాసేపు కూర్చోరాదూ?"

చేతిదాకా వచ్చిన వేటను వదల్లేక నక్క బండ చుట్టూ తిరుగుతూనే ఉంది. ఎండ బండమీదికి పాకింది. కాపరి మందను బయటికి తోలాడు. కుక్కలు ముందుగా పరుగెత్తి కొండ మొదట్లోకి వచ్చాయి. అప్పుడు లేచింది చుక్కి. ఒంట్లో ఉన్న సత్తువంతా గొంతులోకి తెచ్చుకుని అరిచింది.

కుక్కలు రివ్వున పైకి వచ్చాయి.

"ఎంత పని చేశావే!" అంటూ నక్క ముళ్లపొదల్లో పడి పరుగందుకుంది.

చుక్కి ఆగి ఆగి కొండ దిగింది. ఆనాటి నుంచి అలిసినప్పుడల్లా నీడ చూసుకుని కూర్చుంది, ఎవరెన్ని మూతులు తిప్పుకున్నా లేవలేదు. నీరసం పూర్తిగా పోలేదు గానీ, పొదుగులో మెల్లగా పాలు దిగాయి.

నక్క మాత్రం రెండు కొండలు దాటి, నాలుక వేలాడేసుకుని, ఆకలి కడుపుతో ఓ పొదలో పడి మూలిగింది.

అలసినవాళ్లను క్షణం కూర్చోనివ్వని మంచిమాటలో, చెప్పేవాడి అవసరమేదో దాగి ఉంటుంది.