గాలిదొర నీళ్ళలోంచి ఎలా తేలాడు

అనగనగా ఒక ఊళ్ళో రైళ్ళు మారే పెద్ద స్టేషను ఉండేది. ఊరు చూసి స్టేషను కట్టలేదు, స్టేషను చూసి ఊరు కట్టుకున్నారు. ఇంజను కూత విని పొయ్యిలు వెలిగించేవాళ్ళు, ఇంజను కూత విని పిల్లల్ని బడికి తోలేవాళ్ళు. ఆ ఊరికి వకుళ అని ఒక పిల్ల వచ్చింది. ఊఁ కొట్టవే చిట్టీ. నువ్వు ఊఁ కొట్టకపోతే కథ ముందుకు కదలదు.

వకుళ వాళ్ళ నాన్న గూడ్సుబండి గార్డు. బండి చివరి పెట్టెలో నిలబడి పచ్చజెండా ఊపుతాడు చూడు, ఆయనన్నమాట. ఆయనకి ఎప్పుడూ బదిలీలే. అందుకని వకుళ ఏ ఊరు వెళ్ళినా మధ్యలోనే వెళ్ళేది. బళ్ళో సగం పాఠాలు అయిపోయాక వెళ్ళేది. ఆటల్లో జట్లు పంచుకున్నాక వెళ్ళేది. పిల్లలంతా పొట్ట పట్టుకుని నవ్వుతుంటే, దేనికి నవ్వుతున్నారో తెలియక తనూ నవ్వేది. పాపం, అదెంత కష్టమో నీకు తెలియదు. తెలియకుండానే ఉండాలి తల్లీ.

ఆ ఊరి పిల్లలకి గాలిదొర అంటే పిచ్చి. గాలిదొర బొమ్మల పుస్తకాల్లో వీరుడు. కొండలమీంచి ఎగిరేవాడు. పట్టాలు తప్పిన రైలుని ఒంటిచేత్తో ఆపేవాడు. మెడకి ఎర్ర శాలువా కట్టుకుని, పంట్లాం మీద చెడ్డీ తొడుక్కునేవాడు. నవ్వకు. ఆ వీరులందరికీ అదే అలవాటు. ఏది ముందు తొడుక్కోవాలో వాళ్ళమ్మలు చెప్పలేదో ఏమో!

సెలవురోజు వస్తే పిల్లలంతా స్టేషను వంతెన మెట్ల కింద చేరేవాళ్ళు. అక్కడ కూచుని గాలిదొర కథలు చెప్పుకునేవాళ్ళు. వాళ్ళందరికీ పెద్ద హైమ. రెండు జడలు, ఎప్పుడూ ముడిపడే ఉండే కనుబొమలు. గాలిదొర విషయంలో హైమ ఎంతంటే అంత.

అప్పుడు వకుళ వెళ్ళి మెట్ల పక్కన నిలబడింది. "నేనూ కూచోనా?" అని అడిగింది.

హైమ దాన్ని ఎగాదిగా చూసింది. "ఇక్కడ కూచోవాలంటే గాలిదొర కథ తెలియాలి. మూడు అడుగుతా, చెప్పు. గాలిదొర ఎవరి కొడుకు? ఎడమచేతికే తొడుగు ఎందుకు వేసుకుంటాడు? సముద్రంలో మునిగిపోయినవాడు మళ్ళీ ఎలా వచ్చాడు?"

వకుళకి ఒక్కటీ తెలియదు. పిల్లలు కిసుక్కుమన్నారు. హైమ మాత్రం నవ్వలేదు. "చదువుకుని రా" అంది, అంతే.

వకుళకి కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. కానీ అది పట్టుదల పిల్ల. తిన్నగా బజార్లో సూరిశెట్టి కొట్టుకి వెళ్ళింది. సూరిశెట్టి పుస్తకాలు అద్దెకిచ్చేవాడు.

"గాలిదొర మొదటి పుస్తకం ఇవ్వండి తాతా" అంది.

సూరిశెట్టి ఒకటో నెంబరు పుస్తకం తీసి ఇచ్చాడు. అది తెరిస్తే ఏముందో తెలుసా? మొదటి బొమ్మలోనే గాలిదొర ఎవరితోనో కొట్టుకుంటున్నాడు. ఎవరితో, ఎందుకు? ఏమీ లేదు. పెళ్ళిపందిట్లోకి భోజనాల వేళకొస్తే, పెళ్ళికొడుకెవరో కూడా తెలియనట్టు అయింది దాని పని.

ఆ తర్వాత రెండోది చదివింది, మూడోది చదివింది. చదివేకొద్దీ చిక్కుపడింది. ఒకదాంట్లో గాలిదొర రాజుగారి కొడుకు, ఇంకోదాంట్లో కమ్మరివాడి కొడుకు. ఒకదాంట్లో పెళ్ళాం అన్నం వడ్డిస్తోంది, తర్వాతదాంట్లో పెళ్ళే కాలేదు. ఏడో నెంబరులో సముద్రంలో మునిగి చచ్చిపోయాడు. ఎనిమిదో నెంబరులో శాలువా ఎగరేసుకుంటూ, ఏమీ జరగనట్టు, మేడమీంచి దూకుతున్నాడు!

అప్పుడు వకుళ సూరిశెట్టినే అడిగింది. "తాతా, చచ్చిపోయినవాడు ఎలా బతికాడు?"

"నాకేం తెలుసు తల్లీ? నేనెప్పుడైనా చదివితే గదా! మిఠాయి కొట్టువాడు మిఠాయి తింటాడా?" అన్నాడు సూరిశెట్టి, ఈగల్ని తోలుకుంటూ.

ఆ తర్వాత వకుళ డ్యూటీనుంచి వచ్చిన నాన్నని అడిగింది. "నాన్నా, కథ మొదలెక్కడో తెలియకుండా చదివితే ఎలా అర్థమవుతుంది?"

నాన్న కాళ్ళు కడుక్కుంటూ చెప్పాడు. "నేను బండి ఎక్కేది మధ్య స్టేషన్లోనే కదమ్మా. అది ఎక్కడ బయల్దేరిందో నేను చూడలేదు, ఎక్కడికి చేరుతుందో కూడా చూడను. ఎక్కేముందు, నాకంటే ముందు ఎక్కినాయన్ని అడుగుతాను, దారిలో ఏం జరిగిందని. ఆయన చెబుతాడు. ఆ తర్వాత నా పని నేను చూసుకుంటాను."

"ఆయన చెప్పకపోతేనో?"

"చెప్పకుండా ఏ గార్డూ దిగడు" అన్నాడు నాన్న.

ఆ మాట వకుళ మనసులో ఉండిపోయింది. అప్పుడు పుస్తకాలన్నీ మళ్ళీ చదివింది. ఈసారి తొందరపడలేదు. మూల మూలల్లో ఉన్న చిన్న చిన్న బొమ్మలు కూడా చూసింది. గాలిదొరని కన్నది రాజుగారు, పెంచింది కమ్మరి అని తెలిసింది. చిన్నప్పుడు కొలిమిలో పడ్డ చంటిపిల్లని తియ్యబోయి ఎడమచెయ్యి కాల్చుకున్నాడని తెలిసింది. మూడో ప్రశ్నకి మాత్రం జవాబు లేదు. ఎంత వెతికినా లేదు.

ఆ వచ్చే సెలవురోజున మెట్ల దగ్గరికి వెళ్ళి రెండు జవాబులూ చెప్పింది. పిల్లలు ముఖముఖాలు చూసుకున్నారు. కాస్త చోటు ఇద్దామని ఇద్దరు సర్దుకున్నారు కూడా.

"మూడోది?" అంది హైమ.

"పుస్తకాల్లో లేదు."

"అయితే నీకు తెలియదన్నమాట" అంది హైమ. అనేటప్పుడు దాని గొంతు కొంచెం వణికింది. వకుళ అది గమనించింది, కానీ ఎందుకో తెలియలేదు. సర్దుకున్న పిల్లలు మళ్ళీ దగ్గరికి జరిగి కూచున్నారు. వకుళ తిరిగి ఇంటికి నడిచింది.

దారిలో వాన పట్టుకుంది. ఏడో నెంబరు పుస్తకం దాని చేతిలో ఉంది. గౌను కింద దాచుకున్నా తడిసింది. సూరిశెట్టి తన కొట్టుకొచ్చిన ప్రతి పుస్తకానికీ మైదా జిగురుతో గోధుమరంగు అట్ట అంటించి, దానిమీద తన నెంబరు తనే వేసేవాడు. వానకి ఆ జిగురు నానిపోయింది. ఇంటికొచ్చి చూసేసరికి అట్ట ఊడి చేతికొచ్చింది.

అట్ట కింద అసలు అట్ట ఉంది చిట్టీ. దానిమీద అచ్చులో పెద్ద అంకె. ఏడు కాదు, ఇరవై! వెనకవైపు చిన్న అక్షరాలు ఉన్నాయి. 'గాలిదొర కథలు ఇంతటితో ముగిశాయి' అని.

అప్పుడు వకుళ ఇంట్లో ఉన్న ఎనిమిదో నెంబరు పుస్తకం తీసి, దాని అట్ట వెలుతురుకి పట్టి చూసింది. లోపల పదకొండు అని ఉంది. దాంతో సంగతంతా తెలిసిపోయింది. సూరిశెట్టి దగ్గరికి ఏ పుస్తకం ముందొస్తే దానికి ముందు నెంబరు పడింది. ఆయన చదివితే గదా, ఏది ముందో ఏది వెనకో తెలియడానికి! మునిగిపోయిన కథే ఆఖరిది. గాలిదొర మళ్ళీ రాలేదు. ఎప్పుడూ రాలేదు.

వకుళకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. హైమకే తెలియని సంగతి తనకి తెలిసింది. అందరిముందూ ఈ పుస్తకం చూపించి, 'చూడు, నీ ప్రశ్నే తప్పు' అంటే చాలు. అప్పుడు మెట్ల కింద ఎవరు కూచుంటారో చూద్దాం, అనుకుంది. మనం మాత్రం అనుకోమూ? అనుకుంటాం.

వెంటనే వాళ్ళమ్మ దగ్గరికి పరిగెత్తింది. అమ్మ కొళాయి దగ్గర బిందె పెట్టి, ధార సన్నగా వస్తుంటే కాచుకుని కూచుంది. వకుళ గబగబా అంతా చెప్పింది. అమ్మ సంతోషించలేదు.

"హైమంటే, ఆ చివరి క్వార్టర్సులో పిల్లేనా? వాళ్ళమ్మ ఇక్కడే నీళ్ళు పట్టుకుంటుంది. ఆ పిల్లకి ఒక అన్న ఉండేవాడటే. పుస్తకాలన్నీ వాడే చదివి వినిపించేవాడట, ఆ మెట్ల కింద కూచుని. కిందటేడు కామెర్లొచ్చి పోయాడు. బంగారంలాంటి పిల్లాడట."

బిందె నిండి నీళ్ళు పొర్లిపోతున్నా ఇద్దరూ చూసుకోలేదు.

గాలిదొర ఎలా తిరిగొచ్చాడో చెప్పింది హైమ వాళ్ళన్న అన్నమాట. వాడు చెప్పిన రోజున అక్కడ కూచున్నవాళ్ళకే తెలుసు. ఆ తర్వాత వచ్చినవాళ్ళకి తెలిసే దారే లేదు. ఆలస్యంగా రావడం తన తప్పు కాదని వకుళకి అప్పుడు తెలిసింది. తెలిసినా సంతోషం మాత్రం కలగలేదు.

మూడోసారి వెళ్ళినప్పుడు మెట్ల కింద ఇంకా ఎవరూ రాలేదు. హైమ ఒక్కతే ఉంది. వకుళ పుస్తకం వెనక్కి దాచుకుంది. కానీ హైమ కళ్ళు చురుకైనవి.

"ఏంటది? అట్ట ఏమైంది?" అంటూ లాక్కుంది. లాక్కుని అంకె చూసింది. వెనక్కి తిప్పి అక్షరాలు చదివింది. దాని ముఖం తెల్లగా పాలిపోయింది.

"ఇదేనా ఆఖరిది?" అని అడిగింది.

వకుళకి కాదని చెప్పాలనిపించింది. కానీ అబద్ధం నోటికి రాలేదు. "అచ్చులో ఇదే ఆఖరిది" అంది.

"అయితే అన్నయ్య చెప్పింది అబద్ధమా? వాడు తిరిగి రాలేదా?" హైమ కనుబొమల ముడి ఊడిపోయింది. పసిపిల్లలా ఏడ్చేసింది.

వకుళ పక్కన కూచుంది. కూచోనా అని ఈసారి అడగలేదు. తర్వాత అంది. "పుస్తకం రాసినాయన గాలిదొరని ముంచేసి వెళ్ళిపోయాడు. మీ అన్న దిగి పైకి తీశాడు. రాసినాయన చెయ్యలేని పని మీ అన్న చేశాడు, అబద్ధం ఎలా అవుతుంది?"

హైమ ముక్కు చీదుకుంటూ దానివైపు చూసింది.

"నేను ఆ రోజు లేను గదా" అంది వకుళ. "ఎలా తీశాడో నాకు చెప్పవూ?"

అన్న పోయిన తర్వాత హైమ ఆ కథ ఎవరికీ చెప్పలేదు. చెబితే అయిపోతుందేమోనని దాని భయం. అందుకే దాన్ని ప్రశ్నగా మార్చి దాచుకుంది. ఇప్పుడు మెల్లిగా నోరు విప్పింది.

"రెండో నెంబరులో, గాలిదొర వెనకాల, ఒక మూల ముసలమ్మ వల అల్లుకుంటుంది, చూశావా?"

"చూశాను. తలమీద పచ్చ గుడ్డ."

హైమ కళ్ళు మెరిశాయి. "ఆ ముసలమ్మే! గాలిదొర మునిగిపోయాడని తెలిసి, ఆ వల తీసుకుని సముద్రం దగ్గరికి వచ్చింది. వల విసిరింది, రాలేదు. మళ్ళీ విసిరింది, రాలేదు. మూడోసారి విసరలేదు. నడుముమీద చేతులు పెట్టుకుని సముద్రాన్ని తిట్టింది. 'ఓసి సముద్రమా! ఇన్ని నదులు తాగినదానివి, ఇన్ని ఓడలు మింగినదానివి, ఇంకా నీ ఆకలి తీరలేదూ? వాడు చేప కాదే, నా పిల్లాడు! ఇచ్చెయ్!' అంది. సముద్రానికి అందరూ దణ్ణాలు పెట్టేవాళ్ళే గానీ తిట్టినవాళ్ళు లేరు. దానికి సిగ్గేసి, గాలిదొరని అలమీద పెట్టి తెచ్చి, గట్టుమీద పడుకోబెట్టి వెళ్ళిపోయింది."

వకుళకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. హైమకీ అంతే. "అన్నయ్య ముసలమ్మలా నడుముమీద చేతులు పెట్టుకుని చెప్పేవాడు" అంది హైమ. ఏడాదిలో అన్న గురించి అది నవ్వుతూ మాట్లాడింది అదే మొదటిసారి.

ఆ తర్వాత ఇద్దరూ పుస్తకం తీసుకుని సూరిశెట్టి దగ్గరికి వెళ్ళారు. ఆయన గొణుక్కుంటూ కొత్త అట్ట అంటించాడు. "అసలు నెంబరు ఇరవై అట గదా! ఏ అంకె వెయ్యమంటారు?" అన్నాడు.

వకుళ హైమవైపు చూసింది.

"ఏడే వెయ్యండి తాతా" అంది హైమ.

ఆ తర్వాత మెట్ల కింద ప్రశ్నలు లేవు. ఎవరు కొత్తగా వచ్చినా హైమే పక్కకి జరిగి, ఇంతవరకు ఏం జరిగిందో చెప్పేది. మునిగిన దగ్గరికొచ్చేసరికి లేచి నిలబడి, నడుముమీద చేతులు పెట్టుకునేది.

కొన్నాళ్ళకి వకుళ వాళ్ళ నాన్నకి మళ్ళీ బదిలీ అయింది. అది ఇంకో ఊరు వెళ్ళింది, ఎప్పట్లాగే మధ్యలో. అక్కడి పిల్లలకి గాలిదొర పేరే తెలియదు. వకుళ ముసలమ్మ కథ చెబితే నోళ్ళు తెరుచుకుని విన్నారు. "ఇది ఏ పుస్తకంలో ఉంది?" అని అడిగారు.

"పుస్తకంలో లేదు. హైమ వాళ్ళన్న చెప్పాడు" అంది వకుళ.

ఏంటీ? అసలైన ఒకటో పుస్తకం దొరికిందా అంటావా? అది ఎవరికీ దొరకలేదే. పోనీలే. నువ్వు పుట్టేసరికి ఈ అమ్మమ్మ కథ ముప్పాతిక అయిపోయింది. అయినా నా పక్కన పడుకుని ఊఁ కొట్టడం లేదూ? ఇక కళ్ళు మూసుకో.

కథేమో కంచి బండెక్కింది,
వలేమో గట్టు మీదికెక్కింది,
నిద్రేమో కళ్ళ మీదికెక్కింది,
చిట్టేమో ఇంటికొచ్చి పక్కెక్కింది.