పోలి తన్నిన దీపం

సముద్రానికి ఇంకా ఉప్పు సరిగ్గా పట్టని రోజుల్లో, ఇసక ఒడ్డున ఒక జాలరి పల్లె ఉండేది. తెలివనేది ఓడల్లోనే దిగుతుందని ఆ పల్లె నమ్మకం. గట్టు మీది గాజు దీపం కూడా అలా దిగిందే. ఆవలి ఒడ్డు పండితులు చేసింది. మన గాలికి గప్పున ఆరిపోయేది. ఆరినప్పుడల్లా ఏదో ఒక పడవ ఇంటిదారి తప్పేది.

అక్కడ ఇద్దరు తోడికోడళ్లు. పెద్దది పోలి, చిన్నది నూకాలు. మొగుళ్లిద్దరిదీ ఒకే పడవ.

నూకాలు మట్టితో దీపం చేసింది. "ఓలమ్మ, ఎంత తెలివే!" అంది పల్లె. పోలికి ఆ పూట అన్నం సయించలేదు. చేట తెచ్చి విసిరింది. దీపం ఆరింది.

"చేట గాలికే చచ్చింది. సముద్రం గాలికి బతుకుద్దేటే?"

నూకాలు ఏడ్చింది. ఏడ్చి, దీపానికి మట్టి గొడుగు పెట్టింది. పల్లె మెచ్చింది. పోలికి అన్నం సయించలేదు. బిందెడు నీళ్లు కుమ్మరించింది. దీపం ఆరింది.

"వానొస్తే నువ్వెళ్లి కొంగు కప్పుతావేటే?"

నూకాలు ఏడ్చింది. ఏడ్చి, నీళ్లు దూరకుండా గాలి రంధ్రాలు కిందికి తిప్పింది. పల్లె మెచ్చింది. పోలి ఈసారి తన్నింది. దీపం ముక్కలైంది.

"నీ కళ్లు పేలిపోను!" అంది నూకాలు. ఏడవలేదు. అడుగు వెడల్పు చేసి, గోడ మందంగా పెట్టి, మళ్లీ చేసింది.

పోలి విసిరింది. కుమ్మరించింది. తన్నింది. కాలిగోరు ఊడింది గానీ దీపం ఆరలేదు. పోలి ఇసకలో చతికిలబడి గొల్లుమంది. "ఓలమ్మో, ఇది ఆరదే!"

ఆ సాయంత్రమే తుఫాను. పడవలన్నీ నీళ్ల మీదే. గట్టు మీద నూకాలు మట్టి దీపం నిలిచింది. ఒక్కొక్క పడవే ఒడ్డు చేరింది. అన్నిటికన్నా వెనక వాళ్ల పడవ. మొగుణ్ణి తడిమి చూసుకుని పోలి అంది: "నూనె మాత్రం తెగ తాగేస్తోంది."

తర్వాత ఆవలి ఒడ్డు నుంచి ఓడ వచ్చింది. ఈసారి ఖాళీగా వచ్చి, మట్టి దీపాలతో నిండి వెళ్లింది. "ఎవరమ్మా చేసింది?" అని పండితులు అడిగారు.

"చేసింది నేను. నిలబెట్టింది మా అక్క."

"చూశావా, ముందు నీ పేరే చెప్పుకున్నావు!" అని పోలి మూతి తిప్పుకుంది. పోయేదాకా ఆ మూతి అలాగే ఉంది.

పోలి పోయాక నూకాలు ఇంకో దీపం చేసింది. పల్లెంతా చప్పట్లు కొట్టింది. నూకాలుకు అన్నం సయించలేదు. పోలిని పూడ్చిన చోట దీపం పెట్టి, "అక్కా, ఒక్క తన్ను తన్నవే," అంది. ఎవరూ తన్నలేదు. దీపం తీసుకుని లేచి వెళ్లి, ఊళ్లో తనను చూస్తే ఒళ్లు మండే మనిషి ఎవరో వెతికి, ఆమె చేతిలో పెట్టింది.

ఇప్పుడు ఆ ఒడ్డున మబ్బుల్ని చదివే యంత్రాలు కూడా చేస్తున్నారు. ఏది చేసినా ముందు తమను చూసి ఓర్వలేని వాళ్ల గుమ్మానికే పట్టుకెళతారు. కొనడానికొచ్చే ఆవలి ఒడ్డు పండితులూ, నాలిక తిరక్కపోయినా, అదే అడుగుతారు:

"పోలికి చూపించారా?"