మట్టిపెళ్ళ మోసిన సాక్షి

డాన్యూబు నదికీ కార్పేతియన్ కొండలకీ మధ్య వలాకియా అనే ఒకానొక రాజ్యం ఉండేది. ఇప్పుడది రుమేనియాలో భాగం. దాన్ని ఏలిన తోదెర్ ప్రభువు మూరెడు ఎత్తున్న నల్ల బొచ్చుటోపీ పెట్టుకునేవాడు. ఎవరి ముందూ దాన్ని తీసేవాడు కాదు. ఆయన ముందు మాత్రం అందరివీ వట్టి తలలే.

పొలిమేర తగాదాలకు ఆ దేశంలో ఒక వింత ఆచారం ఉండేది. తగాదాలో ఉన్న నేల నుంచే పెకలించిన మట్టిపెళ్ళను సాక్షి వట్టి తల మీద పెట్టుకుని హద్దు వెంట నడవాలి. అబద్ధమాడితే ఆ నేలే మింగేస్తుందని నమ్మకం.

ఒక వేసవిలో ప్రభువు కన్ను ఓ కొండపల్లె గడ్డిమైదానం మీద పడింది. నలభై ఇళ్ళవాళ్ళ పశువులకు అదొక్కటే మేత. అది పోతే చలికాలానికి ముందే మందలు అమ్ముకోవాలి. ప్రభువుకేమో తన గుర్రాలకు కావాలి. నూట ఇరవై ఏళ్ళ కిందట తన ముత్తాతకు దానంగా వచ్చిందంటూ ఒక తోలుపత్రం బయటపెట్టాడు.

విచారణ మైదానంలోనే జరిగింది. ముందురోజే వాన కురిసింది. ఊరిపెద్ద ఓప్రెయా మట్టిపెళ్ళ నెత్తిన పెట్టుకుని హద్దంతా నడిచి వచ్చాడు. మెడ మీద మట్టినీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. ఇక ప్రభువు వంతు. టోపీ తీయడం తన హోదాకు తగదనీ, తన తరఫున పత్రమే సాక్షి అనీ ఆయన ప్రకటించాడు.

పత్రాన్ని చదివి వినిపించిన ఆస్థాన లేఖకుడు నెగోయిత్సా దాన్ని ఒకసారి వాసన చూశాడు.

"పత్రమే సాక్షి అయితే, సాక్షికి జరిగేది దానికీ జరగాలి కదా ప్రభూ."

"జరగనీ. దానికి తీయడానికి టోపీ కూడా లేదు," అన్నాడు ప్రభువు దర్జాగా.

నెగోయిత్సా పత్రాన్ని పలక మీద పరిచి, ఓప్రెయా మోసిన తడి పెళ్ళనే రాత మీద పెట్టాడు. ఇద్దరు భటులు పలకను హద్దు చుట్టూ మోసుకొచ్చారు. పెళ్ళ ఎత్తి చూస్తే ముత్తాత పేరు నల్లగా పాకి అంచు నుంచి కారుతోంది. పాత సిరా తోలులోకి ఇంకి ఉంటుంది. ఈ సిరాకు అలా ఇంకిపోయేంత వ్యవధి దొరకలేదు.

"సాక్షికి చెమటలు పడుతున్నాయి ప్రభూ," అన్నాడు నెగోయిత్సా.

ఎవరూ నవ్వలేదు. ప్రభువు పత్రం అంచును వేలితో తాకి చూసి, మెల్లగా అడిగాడు.

"సిరా కొత్తదని నీకు ముందే తెలుసా?"

తెలుసంటే ప్రభువును కావాలని ఇరికించినట్టు. తెలియదంటే అబద్ధం. నెగోయిత్సా చేతిలోని పెళ్ళను జాగ్రత్తగా నేల మీద పెట్టాడు.

"ముందు నన్ను టోపీ పెట్టుకోనివ్వండి ప్రభూ. ఈ నేల మీద వట్టి తలతో అబద్ధమాడాలంటే భయం."

ప్రభువు మీసం కదిలింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. మైదానం ఊరిదేనని అక్కడికక్కడే తీర్పు చెప్పి, తన బొచ్చుటోపీ తీసి నెగోయిత్సా తలకు తొడిగాడు. అది చెవుల దాకా దిగింది.

"ఇది నీదే. ఇప్పుడు చెప్పు."

"తెలియదు ప్రభూ."