ఉడుత విప్పిన గూడు

అనగనగా, పిల్లలూ, వాగు పారే ఒక అడవి. ఆ వాగు మీదికి వంగిన తుమ్మచెట్టుకు ఒక సగం గూడు వేలాడేది. దాన్ని అల్లినవాడు గరికయ్య అనే గిజిగాడు. గిజిగాళ్ళ పద్ధతి మీకు తెలుసో లేదో. మగపిట్ట సగం గూడు అల్లి ఆగుతుంది. ఆడపిట్ట వచ్చి చూసి మెచ్చితేనే మిగతా సగం అల్లుతుంది. గరికయ్య గూడు ఎవరికీ నచ్చలేదు. పాపం, అది అలాగే గాలికి ఊగుతూ ఉండిపోయింది.

ఎదురు చెట్టు మీద బుల్లెమ్మ అనే ఉడుత ఉండేది. తొలకరి వానల్లో దాని ఒక్కగానొక్క పిల్ల వాగులో కొట్టుకుపోయింది. ఆనాటి నుంచి బుల్లెమ్మ కంట ఒక్క చుక్క రాలలేదు. తిండి సయించేది కాదు, గుండె మీద బండ పెట్టినట్టుండేది.

ఒక సాయంత్రం అది ఆ గూడు ఊగడం చూసింది. చూస్తూ చూస్తూ కరువుతీరా ఏడ్చింది. ఆ పూట రెండు గింజలు తిని నిద్రపోయింది. ఇక రోజూ అంతే.

కానీ ఉడుత బుద్ధి ఊరుకుంటుందా? ఏది దొరికినా పెంకు కొరికి లోపల చూడాల్సిందే. ఈ గడ్డిని చూస్తే నాకు ఏడుపెందుకు వస్తోంది అని దానికి ఒకటే ఆరాటం.

కాకిని అడిగింది. "గడ్డీ, మట్టీ. ఇంకేముంటుందే పిచ్చిదానా?" అంది కాకి.

తొండను అడిగింది. "లోపల ఏదో దాచి ఉంటాడు. విప్పితే తెలిసిపోదూ?" అని తలాడించింది తొండ.

చివరికి గరికయ్యనే అడిగింది. "నాకూ తెలియదక్కా. అందరూ కాదన్న గూడు. నువ్వు రోజూ చూస్తున్నావు, నాకదే పదివేలు," అన్నాడు.

మర్నాడు గరికయ్య మేతకు వెళ్ళగానే బుల్లెమ్మ పళ్ళతో ఒక పోచ లాగింది. గడ్డే. ఇంకొకటి లాగింది. ఎండిన మట్టి రాలింది. లాగుతూ లాగుతూ ఆఖరి పోచా లాగేసింది. ఇంకేమీ లేదు.

గరికయ్య వచ్చి చూశాడు. కోప్పడలేదు.

"ఏం వెతికావక్కా?"

"నన్ను ఏడిపించేది ఏమిటో చూద్దామని."

"గూడు ఊగుతుంటే నీకేం గుర్తొచ్చేది?"

బుల్లెమ్మ రాలిన పోచల వైపు చూసింది. "మా బుడ్డిది కొమ్మ మీద ఊగుతూ నిద్రపోయేది," అంది.

"మరి అది నీ గుండెలో ఉంటే, గడ్డిలో ఎలా దొరుకుతుందక్కా?"

"మళ్ళీ అల్లవా తమ్ముడూ?"

"పచ్చగడ్డి అయిపోయింది. ఎండుగడ్డి వంచితే విరిగిపోతుంది. వచ్చే వానలకు నేను ఉంటానో లేదో," అని గరికయ్య ఎగిరిపోయాడు.

సాయంత్రం బుల్లెమ్మ ఎప్పటి చోటే కూర్చుంది. గాలి వీచింది. ఉత్త కొమ్మ ఊగింది. ఏడుద్దామని ఎంతసేపు చూసినా, దానికి ఏడుపు రాలేదు.

నీతి: మనసును కదిలించిన దాన్ని విప్పి వెతక్కండి, లోపల ఏది కదిలిందో మీ మనసునే అడిగి తెలుసుకోండి.