తాటాకు లెక్క

మా కూర్మయ్య గురువుగారికి ఒక అలవాటు ఉంది. గట్టి ప్రశ్న ఎవరైనా వేస్తే జవాబు చెప్పరు, చెప్పులు తొడుక్కుంటారు. ఆ రోజు ప్రశ్న వేసినవాడు నా తోటి శిష్యుడు భానోజీ. రెండు దేశాల లెక్కలు పుస్తకం నిండా రాసుకొచ్చాడు.

"గురువుగారూ, ఆకాశంలోకి వదిలే పొగలో ఒక దేశం వాటా ముప్పై ఏళ్ళలో సగానికి పడిపోయింది. రెండోదాని వాటా మూడింతలైంది. మొదటిది బుద్ధి తెచ్చుకున్నట్టే కదా? ఇప్పుడు తప్పెవరిదంటారు?"

గురువుగారు చెప్పులు తొడుక్కున్నారు. మేమిద్దరం వెనకాల నడిచాం.

ఊరి చివర బెల్లం పాకలో అప్పటికే రచ్చ మొదలైంది. ఒకే కప్పు కింద రెండు పొయ్యిలు, ఒకటి బంగారునాయుడిది, ఇంకొకటి చిట్టెమ్మది. పొగకి కప్పు మాడిపోతుంది కాబట్టి ఏటేటా కొత్త తాటాకు వేస్తారు. ఆ ఏడు ఎవరు ఎన్ని పెనాల బెల్లం వండితే వాళ్ళు అంత వంతు తాటాకు తేవాలి. అది అక్కడి కట్టుబాటు. ఈసారి నడిమి దూలమే బీటలిచ్చింది. కొత్త దూలం ఎవరు వేయించాలన్నదానికి కట్టుబాటు లేదు.

"సూడండి పంతులుగారూ, ఒకప్పుడు ఈ పాకలో పొగంతా నాదే. ఇప్పుడు నాలుగో వంతే! ఎంత తగ్గించీసినానో!" అన్నాడు నాయుడు, మీసం దువ్వుకుంటూ.

"అప్పుడెన్ని పెనాలు వండేవాడివి నాయుడూ?"

"ఏడాదికి వంద."

"ఇప్పుడో?"

నాయుడు చెయ్యి మీసం మీదే ఆగిపోయింది. "వందే" అన్నాడు. నాకు నవ్వాగలేదు. భానోజీ మాత్రం తన పుస్తకం కేసి అనుమానంగా చూసుకున్నాడు.

"అదీ సంగతి!" అని ఎగిరింది చిట్టెమ్మ. "ముప్పై ఏళ్ళు దూలాన్ని కాల్చినోడు ఈ నాయుడు మావే. నాను మొన్న గదా వొచ్చాను!"

"నీవెన్ని పెనాలమ్మా?"

"మూడొందలు" అని గొణిగింది. "అయితే ఏటి? నా పిల్లలు తినొద్దేటి?"

అది మాత్రం నిజమే. నాయుడు అన్నదీ అబద్ధం కాదు. ఎవరి నిజం వాళ్ళు పట్టుకుని మళ్ళీ అరుచుకుంటుండగా దూలం ఫెళ్ళుమంది. మసి జలజలా రాలింది. నాయుడూ చిట్టెమ్మా ఒక్క దూకులో బయటపడ్డారు. మేమూ అంతే, సిగ్గుపడుతూ చెబుతున్నాను.

లోపల ముత్యాలు మిగిలాడు. రెండు పొయ్యిల దగ్గరా కూలికి పాకం తిప్పేది అతనే. తెడ్డు ఆపితే పాకం అడుగంటుతుంది, ఆ రోజు కూలి పోతుంది. వీపు నిండా మసితో, పైకి చూడకుండా తిప్పుతూనే ఉన్నాడు.

"ఒరే, బయటికి రారా!" అని నాయుడు కేక పెట్టాడు. ముత్యాలు రాలేదు. అప్పుడు నాయుడు ఒక గుంజ, చిట్టెమ్మ ఒక గుంజ పట్టుకుని లోపలికి పరిగెత్తి దూలానికి ఊతం పెట్టారు. వాటాల మాట ఎవరికీ గుర్తు రాలేదు.

దూలం నిలిచాక గురువుగారు అన్నారు: "భానోజీ, నీ లెక్కలో ముత్యాలు వాటా కూడా రాసుకో."

"అతనికి పొయ్యే లేదు కదండీ!"

"పొయ్యి లేదు, నిజమే. దూలం కింద నిలబడింది మాత్రం అతనే."