పిల్లగాలి కునుకు

ఒకప్పుడు పిల్లగాలికి పగటి నిద్రంటూ ఉండేది కాదు. రాత్రంతా తల్లి కొండమ్మ ఒళ్ళో పడుకునేవాడు. తెల్లారగానే తండ్రి సముద్రుడి దగ్గరికి పాక్కుంటూ వచ్చేసేవాడు.

పగలు వాణ్ణి పడుకోబెట్టే పని సముద్రుడిది. "ఓస్, ఇంతేనా! తిమింగలాల్నే పెంచినవాణ్ణి," అనుకున్నాడాయన.

పిల్లాడు రాగానే కెరటాల ఉయ్యాల్లో వేసి ఊపాడు. అప్పుడే లేచినవాడికి నిద్రేమిటి? కిలకిలా నవ్వి, తండ్రి నురగ గడ్డం పీకి దిగిపోయాడు.

"సరే, బాగా అలిసిపోనీ. ఒళ్ళెరక్కుండా పడుకుంటాడు," అని సాయంత్రం దాకా ఆడించాడు. పిల్లాడు పడుకోలేదు సరికదా, గుక్కపట్టి ఏడ్చాడు. ఆ ఏడుపుకి తెరచాపలు చిరిగాయి. తెప్పలు బోర్లాపడ్డాయి.

గురువులు అనే జాలరి తెప్ప మూడోసారి బోల్తాపడితే, ఈదుకుంటూ ఒడ్డుకొచ్చాడు. అతని పెళ్ళాం మసేనమ్మ కొంగు బిగించి నీళ్ళ దగ్గరికొచ్చింది.

"ఓ సముద్రయ్యా! రేపు మా ఆయన తిరిగి రాకపోతే ఎవుల్ని అడగమంటావు? గుంటణ్ణి పడుకోబెట్టడం రాదేటి నీకు?"

"నాకు రాకపోవడమేమిటి! వాడికే పడుకోవడం రాదు."

"ఆరుగుర్ని పెంచాను, నాకు చెప్పకు. వాడు ఇసకలో సుళ్ళు తిరుగుతాడు చూడు, అదే కళ్ళు నులుముకోడం. అప్పుడెయ్యాలి ఉయ్యాల్లో. ముందేస్తే ఆడతాడు, దాటితే ఏడుస్తాడు."

మర్నాడు మసేనమ్మ ఇసకలో తెడ్డు పాతింది. సుడి లేవగానే, తెడ్డు నీడ కొసన గవ్వ పెట్టింది. "ఇదిగో, రేపట్నుంచి నీడ ఈ గవ్వ దగ్గరకొస్తే ఊపు."

సముద్రుడు అలాగే ఊపాడు. పిల్లాడు పడుకున్నాడు! ఆయన మీసం దువ్వుకున్నాడు, అంతా తన గొప్పే అన్నట్టు.

పది రోజులకి మళ్ళీ ఉయ్యాల్లో కిలకిలలు. "నీ గవ్వ చెడిపోయింది!" అని గోలపెట్టాడు సముద్రుడు.

"గవ్వకేటైంది? గుంటడు ఎదిగాడు. ఎదిగినోడు ఇంకాసేపు మేలుకుంటాడు." నీడ ఇంకొంచెం కురచయ్యేదాకా ఆగాలని, మసేనమ్మ గవ్వని జానెడు తెడ్డు వైపు జరిపింది.

అలా జరిపి జరిపి, పొద్దు బాగా ఎక్కే వేళకి గవ్వ కుదురుకుంది. ఆ రోజు గురువులు తెప్ప నడిసముద్రంలో ఉంది. పిల్లాడు పడుకోగానే గాలి ఆగిపోయింది. ఏడుస్తూ లేస్తే తెప్ప ఏమవుతుందోనని మసేనమ్మ ఒడ్డునే నిలబడి చూసింది.

మధ్యాహ్నం పిల్లాడు లేచాడు. ఏడవలేదు. ఒళ్ళు విరుచుకుని, అమ్మ గుర్తొచ్చి కొండవైపు పరుగుతీశాడు. దారిలో కనబడ్డ గురువులు తెప్పని, తెరచాప పట్టుకుని తిన్నగా ఒడ్డుకు తోసుకొచ్చాడు.

"వచ్చావేటి?" అంది మసేనమ్మ, కళ్ళు తుడుచుకుని.

"గుంటడే దిగబెట్టాడు," అన్నాడు గురువులు.

అప్పటినుంచే మన తీరాన పొద్దున్నే గాలి కొండల నుంచి సముద్రానికి పోతుంది, మధ్యాహ్నం సముద్రం నుంచి ఒడ్డుకి వస్తుంది. ఆ రెంటికీ నడుమ కాసేపు ఆకైనా కదలదు. అప్పుడు ఒడ్డున నిలబడి వినండి. చిన్న చిన్న కెరటాలు "ష్... ష్..." అంటుంటాయి. గట్టిగా మాట్లాడకండేం. మళ్ళీ పడుకోబెట్టడం ఆయన వల్ల కాదు.